మర్యాద లోపం

నరసింహస్వామి గుళ్ళో అర్చన టికెట్టు పట్టుకుని నిలబడినప్పుడు, పూజారి గోత్రం అడగగానే నాకొక సందేహం వస్తుంది. ముప్ఫై రెండేళ్ళుగా వస్తూనే ఉంది. నేను పుట్టింటి గోత్రం చెబుతాను. మగవాడు పుట్టిల్లు అనడం నాకే నవ్వు తెప్పిస్తుంది గానీ, ఇల్లరికం వచ్చినవాడికి పుట్టిల్లంటూ ఒకటి ఉంటుంది. గోత్రం అక్కడిది, కొబ్బరిచిప్ప తెచ్చుకునేది అత్తగారింటికి. మరి ఆ అర్చన ఫలం స్వామి ఏ ఇంటికి పంపుతాడు? ఒకసారి ధైర్యం చేసి పూజారినే అడిగాను. ఆయన నా వెనక ఉన్న వరస చూసి, "స్వామికి అన్నీ తెలుసు నాయనా, ముందు తల వంచు" అన్నాడు. వంచాను. సందేహం మాత్రం అట్లాగే ఉంది.

ఇలాంటి సందేహం దేవుడి దగ్గర ఉంటే ఇబ్బంది లేదు. ఆయన తొందరపెట్టడు, ఫారం నింపమనడు. రెవెన్యూ ఆఫీసుకు పోయినప్పుడే చిక్కంతా.

నా పేరు మాలకొండారెడ్డి. ఊళ్ళో కొండయ్య అంటారు. మా మామ చెంచురామిరెడ్డికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దపిల్ల కామాక్షిని నాకిచ్చి నన్ను ఇల్లరికం తెచ్చుకున్నాడు. మా వైపు ఇది పాత ఆచారం. ఇల్లరికం వచ్చిన అల్లుడు కొడుకుతో సమానం. మామ పోయాక భూమి వాడిదే. చిన్నపిల్ల సుగుణను నెల్లూరులో టైర్ల దుకాణం ఉన్న దశరథరామిరెడ్డికి ఇచ్చారు. నేను వచ్చేనాటికి మామ భూమి ఆరెకరాల మెట్ట, నిండా తుమ్మచెట్లు, గులకరాళ్ళు. ఇప్పుడు ఆరెకరాలూ నిమ్మతోట. ప్రతి చెట్టుకూ గుంట తవ్వింది నేనే కాబట్టి ఈ మాట గొప్పకు చెప్పడం లేదు.

పుట్టింట్లో మేం నలుగురు అన్నదమ్ములం. పంచుకునేరోజు మా అన్నలు "నీకు ఆడ భూమి ఉంది గదరా" అని నా భాగం వాళ్ళలో వాళ్ళే సర్దుకున్నారు. నేనూ సరేనన్నాను. ఆడ ఉంది గదా మరి.

పోయిన కార్తీకంలో మామ పోయాడు. వీలునామా రాయలేదు. సంవత్సరీకం అయిన మర్నాడు మరదలు సుగుణ నాతో, "బావా, పట్టాలో నా పేరు గూడా ఎక్కించు" అంది.

"ఆచారం ప్రకారమైతే ఇల్లరికపోడిదే గదమ్మా భూమి" అన్నాను.

"చట్టం ప్రకారమైతే అమ్మకీ అక్కకీ నాకూ సమానం గదా" అంది ఆమె.

ఇద్దరం నిజమే చెప్పాం. అందుకే అది మాటల్తో తేలేది కాదు. అప్పుడు మా తోడల్లుడు దశరథరామిరెడ్డి గొంతు సవరించుకుని, "మనలో మనకి పోట్లాటెందుకన్నా? ఆఫీసులో ఏమంటే అదే" అన్నాడు. మర్యాదస్తుల కుటుంబాలు ఆఫీసుకు ఎక్కేది ఈ ఒక్క వాక్యంతోనే.

*

ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూర్చునే శైలజ నా అర్జీ చదివి తల గోక్కుంది.

"వారసుల కాలమ్‌లో నాలుగే ఉండాయి సార్. భార్య, కొడుకు, కూతురు, ఇతరులు."

"ఇతరులంటే?"

"ఇతరులంటే... వాళ్ళూ మనుషులే సార్. భూమి మాత్రం రాదు."

ఆ మాటలు లోపల కూర్చున్న తహసీల్దారుగారి చెవిన పడ్డాయి. "ఇల్లరికమా?" అంటూ ఆయన కుర్చీలోంచి సగం లేచారు. ఆయన వెనక గోడకు కొత్త బ్యానరు కట్టి ఉంది: 'ఆచార నిర్ధారణ మాసోత్సవం'.

"కూర్చోండి, కూర్చోండి. పూర్వీకుల ఆచారములను శాస్త్రీయముగా నిర్ధారించి నమోదు చేయవలసినదిగా పైనుంచి ఉత్తర్వులు అందియున్నవి. మండలానికి పన్నెండు ఆచారములు లక్ష్యం. ఇరవై రోజులైనది, ఒక్క ఆచారమూ చిక్కలేదు. తమరు దేవుడిలా వచ్చారు."

నన్నెవరూ ఎప్పుడూ దేవుడితో పోల్చలేదు. కూర్చున్నాను.

ఇల్లరికం రుజువు కావడానికి రెండు షరతులని ఆయన చెప్పారు. మొదటిది నిరంతర నివాసం. అది నాకు సులువే. ముప్ఫై రెండేళ్ళలో నేను ఊరు దాటి పడుకున్నది తిరుమలలో రెండుసార్లు, ఆస్పత్రిలో ఒకసారి. రెండోది మర్యాద లోపం.

"అంటే ఏంది సార్?"

"చూడండి. అల్లుడు వస్తే కాళ్ళకు నీళ్ళిస్తారు. పీట వేస్తారు. నెయ్యి పోస్తారు. 'మీరు' అంటారు. ఇవన్నీ అతిథి లక్షణములు. అతిథికి భూమి సంక్రమించదు. కొడుక్కి ఎవరైనా మర్యాద చేస్తారా? చేయరు. తిడతారు. కావున ఏ అల్లుడికి మర్యాద లోపించినదో, ఏ అల్లుడు అత్తగారిచేత నిత్యము తిట్లు తినుచున్నాడో, అతడే కొడుకుతో సమానుడు. అతడే ఇల్లరికపు అల్లుడు. మిగిలినవారు మామూలు అల్లుళ్ళు."

ఎంత వెతికినా అందులో తప్పు కనిపించలేదు. పైగా నాకు ధైర్యం వచ్చింది.

"అట్టయితే నాకు భయం లేదు సార్. మా అత్త పొద్దన్నే మొదలు పెడతాది."

"నోటిమాట చెల్లదు. బుధవారం తనిఖీ ఉంటుంది. ఉభయ పక్షములకూ నోటీసు పంపబడును."

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మా అత్త బుజ్జమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చూపు సగం పోయింది గానీ గొంతు పూర్తిగా ఉంది.

"ఒరే అడ్డగాడిదా! పొద్దననగా పోయినోడివి ఇప్పుడా వచ్చేది? తోటలో మోటారు ఆడతా ఉండాది. ఎవుడాపతాడు, నీ తాతా?"

వేరే రోజైతే మారుమాట లేకుండా పోయేవాణ్ణి. ఆ రోజు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆరెకరాలకు సరిపడా తిట్టు. ఆ సంతోషంలో ఒక పొరపాటు చేశాను.

"అత్తా, బుధవారం గవర్మెంటు నుంచి ఒకాయన వస్తాడు. నన్ను ఈ ఇంట్లో ఎట్టా చూసుకుంటుండారో చూస్తాడంట. దాన్నిబట్టే పట్టా ఇస్తారంట."

ఇంతమాత్రం చెప్పి మోటారు ఆపడానికి పోయాను. ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా అరుదైన విషయమని ఆ సంతోషంలో నాకు తట్టలేదు.

*

బుధవారం మధ్యాహ్నం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు నిరంజనరావుగారు అట్టకు కాగితాలు బిగించుకుని వచ్చారు. అరుగుమీద కుర్చీ వేశాం. "నేను లేనట్టే భావించి మీ దైనందిన వ్యవహారములు సాగించండి" అన్నారు.

నేను తోటలోంచి వచ్చి, రోజూలాగా, దొడ్డిదోవన లోపలికి పోబోయాను. అత్త ముందువాకిట్లోంచి కేకేసింది.

"రండి అల్లుడుగారూ!"

దశరథరామిరెడ్డి వచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. అతను ఇంకా వీధిలో కారు నిలబెడుతున్నాడు. వెనక ఎవరూ లేరు. అల్లుడుగారిని నేనే.

అత్త పండగ నాటి వెంకటగిరి చీర కట్టింది. చేతిలో రాగి చెంబు.

"కాళ్ళు కడుక్కోండి నాయనా. ఎండన పడి వచ్చినారు."

దగ్గరికి పోయి, "అత్తా, ఏందిది?" అని గొణిగాను.

ఆమె నాకంటే మెల్లగా గొణిగింది. "నువ్వు నోరు మూసుకోరా ఎదవా, ఆయన చూస్తుండాడు. మనం అల్లుణ్ణి పాలేరు మాదిరి చూస్తుండామని రాసుకుపోతే నీకు భూమి యాడ వస్తది?"

ఆ తిట్టొక్కటి నిరంజనరావుగారి చెవిన పడి ఉంటే సంగతి అక్కడితో తేలిపోయేది. ఆయనకు రాగి చెంబు మాత్రం కనిపించింది. రాసుకున్నారు.

పీట వేసింది. పీటకు ముగ్గు వేసి ఉంది. కామాక్షి వంటింటి గడపలోంచి నాకేసి కళ్ళతో ఏదో చెబుతోంది. నాకు తెలిసిందే ఆమెకూ తెలిసింది, ఆపడం మాత్రం ఆమె వల్ల కాలేదు. అత్త నెయ్యి పోసింది. వద్దన్నాను. మళ్ళీ పోసింది.

"తినండి నాయనా, మీరు తినకపోతే నా మీద ఒట్టు."

ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి మా అత్త నన్ను 'మీరు' అంది. వింటుంటే ఎవరో నా చేతిలోంచి గడ్డపార లాక్కుంటున్నట్టుంది.

సరిగ్గా అప్పుడు దశరథరామిరెడ్డీ సుగుణా లోపలికి వచ్చారు. దశరథరామిరెడ్డికి సంతోషం ఆగలేదు.

"చూసినారా సార్! మర్యాద ఎట్టా జరగతా ఉండాదో! మా అన్న ఈ ఇంటికి మామూలు అల్లుడే. నాకు ఎట్నో ఆయనకీ అట్నే."

అత్త నెయ్యి గిన్నె నేలమీద పెట్టింది.

"పనికిమాలినోడా! ముప్ఫై ఏళ్ళుగా వచ్చినప్పుడల్లా నీకు నెయ్యి పోసి పోసి నా చెయ్యి పడిపోయింది. వాడికి ఒక్కపూట పోస్తే నీ కడుపు మండిందా? నీ మొకం మండ! రా, ఈడొచ్చి నువ్వు గూడా కూలబడు. నీ మొకం మండ!"

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. ఏడుస్తోందనుకున్నాను. లోపల్నుంచి అక్కచెల్లెళ్ళ నవ్వు వినిపించింది.

నిరంజనరావుగారు రెండో పేజీ తిప్పారు.

*

మూడోరోజు నివేదిక నకలు వచ్చింది. ఇప్పటికీ దాన్ని దేవుడి పటం వెనక దాచి ఉంచాను.

"సదరు గృహమును స్వయముగా సందర్శించడమైనది. అర్జీదారు మాలకొండారెడ్డికి కాళ్ళకు నీళ్ళు ఇవ్వబడినవి. ముగ్గుతో కూడిన పీట వేయబడినది. నెయ్యి రెండుమార్లు వడ్డించబడినది. రెండవమారు వలదన్నను వినలేదు. మర్యాద లోపము కానరాలేదు. కావున అర్జీదారు మామూలు అల్లుడు. అదే సమయమున వచ్చియున్న దశరథరామిరెడ్డిని అత్తగారు 'పనికిమాలినోడా' అని ఒకమారు, 'నీ మొకం మండ' అని రెండుమార్లు సంబోధించియుండగా స్వయముగా వినడమైనది. కావున సదరు దశరథరామిరెడ్డి ఇల్లరికపు అల్లుడుగా నిర్ధారించడమైనది."

రాత్రికి రాత్రే అన్నట్టు నేను రెండిళ్ళకూ కాకుండా పోయాను. పుట్టింట్లో ఇల్లరికం పోయినవాణ్ణని భాగం లేదు. ఇక్కడ ఇల్లరికం కాదు కాబట్టి భాగం లేదు. కామాక్షి అన్నం పెట్టి పక్కన కూర్చుంది. "నా పేరున వస్తే నీది కాదా?" అంది. అది నిజమే. కానీ కంచం పక్కకు జరిపాను. భూమి ఎవరి పేరున ఉంటే ఏం, ఆ గుంటలన్నీ ఏ వరస మీద తవ్వినట్టు? కొడుకు వరసా, కూలి వరసా?

నేను ఏడవడానికి సిద్ధమవుతుండగా దశరథరామిరెడ్డి నాకంటే ముందే ఏడుస్తూ వచ్చాడు.

"అన్నా, నా కొంప మునిగింది."

"భూమంతా నీకే వచ్చింది గదా దశరథా?"

"యాడ భూమన్నా! ఇది జూడు." నోటీసు తీశాడు. ఇల్లరికపు అల్లుడుగా నిర్ధారించబడిన సదరు వ్యక్తి నిరంతర నివాస షరతుననుసరించి వారం రోజుల్లోగా అత్తగారింట స్థిరపడవలెను. "టైర్ల దుకాణం ఎవరికియ్యాల? దానికితోడు ఈ కాయితం నకలొకటి మా ఊరికి పంపించినారు. మా తమ్ముడు ఫోన్ చేసి, 'ఇల్లరికం పోయినావంట గదా, సంతోషం, ఇంక ఈడ నీకు భాగం లేదులే' అన్నాడు. బజార్లో నన్ను చూసి ఇల్లరికపాయన ఇల్లరికపాయన అని నవ్వతా ఉండారన్నా."

వెనకనే వచ్చిన సుగుణ, "నాకేం బాధ లేదు బావా" అంది. "అమ్మోళ్ళింట్లో ఉండేదానికి నేను రెడీ. ఆయన పొద్దన్నే లేచి తోటకు నీళ్ళు కడితే చాలు."

"నువ్వూరుకోమే!" అన్నాడు దశరథరామిరెడ్డి.

"ఇప్పుడు తెలిసిందా మీకు, కాయితంలో పేరు తప్పుపడితే ఎట్టుంటాదో?" అంది సుగుణ. అని నా వైపు తిరిగింది. గొంతు మారింది. "నాకు పేరే లేదు బావా. నేనూ నాయనకి పుట్టినదాన్నే గదా? ఆయన కాయితాల్లో యాడా నేను లేను. రేషను కార్డులో ఉండినా, పెళ్ళయినాక కొట్టేసినారు."

ఆచారం నాకొక ఇల్లిచ్చింది, నిజమే. ఆ ఇంట్లో పుట్టిన పిల్లను మాత్రం వాకిట్లోనే నిలబెట్టింది. ఇన్నేళ్ళుగా దానికి దండం పెట్టుకుంటున్నానే గానీ ఈ వైపునుంచి నేనెప్పుడూ చూడలేదు.

"ముందు ఈయన్ని ఆ కాయితంలోంచి బయటకు లాగుదాం" అన్నాను. ఇద్దరం కలిసి అప్పీలు రాశాం. నేను ఇల్లరికపు అల్లుణ్ణని నేనూ, తాను కాదని దశరథరామిరెడ్డీ. ఒకే కాగితం మీద, పక్కపక్కన సంతకాలు.

*

తహసీల్దారుగారు అప్పీలు చూసి సంబరపడ్డారు. ఒక ఆచారం మీద రెండు విచారణలు జరిపితే లక్ష్యంలో రెండుగా చూపవచ్చట. 'తిట్టు పునఃపరీక్ష' అని దానికి పేరు పెట్టి, ఆఫీసులోనే తేదీ ఇచ్చారు. నిబంధనలు గోడకు అంటించారు. తిట్టు సహజముగా ఉండవలెను. స్వచ్ఛందముగా ఉండవలెను. మూడు వాక్యములకు తగ్గకుండవలెను. విచారణ గదిలో ఉచ్చరించబడిన ప్రతి తిట్టును, ఎవరినుద్దేశించి అనబడినదో వారి పేరుతో సహా, తక్షణమే కంప్యూటరులో నమోదు చేయవలెను.

ఈసారి అత్తకు సంగతంతా విడమరిచి చెప్పాం. దారి పొడుగునా కామాక్షి మళ్ళీ మళ్ళీ చెప్పింది. "అమా, ఊరికే తిట్టు. ఇంట్లో తిట్టినట్టే. అంతే."

"దానికేం భాగ్యం! తిట్టేదానికి గూడా నాకు నేర్పిస్తావా?" అంది అత్త.

గదిలో బల్ల వెనక తహసీల్దారుగారు, పక్కన నిరంజనరావుగారు, మూలన కంప్యూటరు ముందు శైలజ. నన్ను మధ్యలో నిలబెట్టారు. అత్తకు కుర్చీ వేశారు.

"తిట్టవచ్చును" అన్నారు తహసీల్దారుగారు.

అత్త గొంతు సవరించుకుంది. "ఒరే కొండయ్యా..." అంది. ఆగింది.

శైలజ వేళ్ళు మీటల మీద ఆగాయి.

"ఒరే కొండయ్యా..." అని మళ్ళీ అంది. నా ముఖం ఎక్కడుందో వెతుక్కున్నట్టు చూసింది. "ఏమని తిట్టేది సామీ? తప్పు చేస్తే తిడతాం. ఊరికే తిడితే పాపం గదా."

"జ్ఞాపకం తెచ్చుకోండి. రోజూ తిడతారు కదా?"

"తిడతాను. వాడు అన్నం తినకుండా తోటకి పోతే తిడతాను. జొరంతో గుంట తవ్వినాడని తిట్టినా. మా ఆయన మంచాన పడితే ఎనిమిది నెలలు ఎత్తి దించినాడు. నడుం పోతాది, మనిషిని పెట్టుకోరా అని తిట్టినా. వాణ్ణి..." కొంగు తీసుకుంది. "వాణ్ణి ఏమని తిడతా?"

నిరంజనరావుగారు అట్టమీద రాసుకుంటూ మెల్లగా, "ఇది ప్రశంస కిందికి వస్తుందండీ. ప్రతికూలం" అన్నారు.

ఆరెకరాలు కళ్ళముందు తిరిగాయి. అంతకంటే ఎక్కువగా కొడుకా కూలా అన్న ఆ వరస మాట తిరిగింది. ఆమెను రెచ్చగొడదామని తెగించాను.

"అత్తా, నీ పప్పులో ఎప్పుడూ ఉప్పెక్కువే! ముప్ఫై రెండేళ్ళుగా నోరు కాల్చుకుని తింటుండా!"

ఇంట్లో ఈ మాట అని ఉంటే గరిటె గాల్లో లేచేది. ఆమె తల ఊపింది.

"అవునురా అబ్బయ్యా. కళ్ళు కనపళ్ళేదు. చెప్పొచ్చు గదా."

ఇంక నావల్ల కాలేదు. తల తిప్పుకున్నాను.

తహసీల్దారుగారు గడియారం చూసుకున్నారు. "పెద్దమ్మా, కార్యాలయమున నటనలకు తావు లేదు. ఈ మనిషి నిజముగా మీ ఇంటివాడైతే ఒక్క తిట్టు రాదా? ఇతడు మీకేమీ కాడన్నమాట."

అత్త కుర్చీలోంచి లేచింది.

"ఏందిరా అన్నావు? నాకేం కాడా? నోట్లో మన్ను బొయ్య నీకు! పెద్ద కుర్చీలో కూచుంటే పెద్దమనిషివనుకున్నా గదరా, అడ్డగాడిదా! మనిషి మనిషికి ఏమవుతాడో తిట్లు కొలిచి చెప్తావా, నీ కొలత మండ! మీయమ్మ నిన్ను నాలుగు తిట్టుంటే బాగుపడుండువు, పనికిమాలిన ఎదవా!"

సహజముగా ఉంది. స్వచ్ఛందముగా ఉంది. మూడు వాక్యాలు ఎప్పుడో దాటింది. శైలజ మీటలు టకటకమన్నాయి. ఆమె నిబంధన ప్రకారం పేరుతో సహా కొట్టింది. కొట్టి, తెర వైపు చూసి, లేచి నిలబడింది.

"సార్... వచ్చేసింది."

"ఏమి వచ్చినది?"

"మీరే సార్. చెంచురామిరెడ్డిగారి ఇల్లరికపు అల్లుడు, నంబరు రెండు. దశరథరామిరెడ్డిగారిది ఒకటి."

"తొలగించు!"

"తీసేస్తుంటే అడుగుతా ఉంది సార్, అత్తగారి మరణ ధ్రువీకరణ పత్రం జతచేయమని."

అత్త కూర్చుంటూ, "నేనింకా ఉండాను గదా" అంది.

ఇంతలో పక్కనున్న యంత్రంలోంచి కాగితం దానంతటదే బయటికి వచ్చింది. నిరంజనరావుగారు అలవాటు చొప్పున దాన్ని తీసి పైకి చదివారు. "ఇల్లరికపు అల్లుడుగా నిర్ధారించబడిన సదరు తహసీల్దారు వారం రోజుల్లోగా సదరు అత్తగారింట స్థిరపడవలెను. నకలు: తహసీల్దారుగారి స్వగృహమునకు."

"ఇంటికి పంపొద్దయ్యా!" అన్నారు తహసీల్దారుగారు. "మా ఆవిడ ఊరుకోదు!" ఇన్ని రోజుల్లో ఆయన నోట నాకర్థమయ్యే తెలుగు వినడం అదే మొదలు.

అత్త కోపం అప్పటికే దిగిపోయింది. ఆమెది ఎప్పుడూ అంతే.

"రా నాయనా, వచ్చి ఉండు. ఇంట్లో ఇంకో మంచం ఉండాది. పొద్దన్నే లేచి మోటారు మాత్రం వెయ్యాల."

తహసీల్దారుగారు పక్క గదిలోకి పోయి గంటసేపు పైవాళ్ళతో ఫోన్లో మాట్లాడారు. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం తేటపడింది. బ్యానరు విప్పించారు. ఉత్తర్వు అక్కడికక్కడే చెప్పి రాయించారు.

"ఆచార నిర్ధారణ మాసోత్సవము నిన్నటితో ముగిసియున్నందున, సదరు ఆచారములేవియు నేటినుండి వర్తించవు. నిర్ధారించబడిన ఇల్లరికములన్నియు జరగనట్లే భావించవలెను. అల్లుళ్ళందరును మామూలు అల్లుళ్ళే. భూమి చట్టప్రకారము భార్యకును ఇద్దరు కుమార్తెలకును సమానముగా చెందును."

తలకు రెండెకరాలు. అర్జీ పెట్టిన మొదటి రోజే ఎవరైనా అరగంటలో రాసి ఉండగలిగిన మాట. దశరథరామిరెడ్డి అక్కడే చేతులు పైకెత్తి దండం పెట్టాడు. నేను ఏమీ పెట్టలేదు. ఆ ఉత్తర్వు న్యాయం కాదని అనలేను. సుగుణ పేరు అందులో చదివినప్పుడు నాకూ బాగానే ఉంది. కానీ నా పేరు 'అల్లుళ్ళందరును' అన్నచోట కలిసిపోయింది.

బయటికి పోతుంటే శైలజ పిలిచింది. "అడంగల్లో ఇంకో కాలమ్ ఉంది సార్, అనుభవదారు అని. పట్టా ఎవరిదైనా, భూమి చేసేవాళ్ళ పేరు అందులో వేస్తాం. మీ పేరు వెయ్యమంటారా?"

సుగుణ నాకంటే ముందు చెప్పింది. "వెయ్యి పాపా. నా రెండెకరాలకి గూడా ఆయన పేరే వెయ్యి." అని నావైపు తిరిగి, "కాయలమ్మితే నా భాగం నాకియ్యాల బావా. వద్దులే అంటాననుకోవాకు" అంది.

అనుభవదారు. ముప్ఫై రెండేళ్ళు ఆ ఇంట్లో అనుభవించింది నేనే కాబట్టి కాదనడానికి ఏమీ లేదు.

*

పాసుపుస్తకాలు వచ్చిన ఆదివారం సుగుణా దశరథరామిరెడ్డీ ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక నేను అరుగుమీద కూర్చున్నాను. అత్త గోడ పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇట్టా రా అల్లుడా."

"మళ్ళా మొదలు పెట్టినావా అత్తా? ఈ రోజు తనిఖీ లేదు."

"తనిఖీ కాదురా. సుగుణ కాయితం చదివి చెప్పింది. నువ్వు మామూలు అల్లుడివేనంట గదా. అయితే నీకు మేమొకటి బాకీ ఉండాం." ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. "పెళ్ళిలో అలకపాన్పెక్కి ఏమడిగినావో గుర్తుందా?"

నాకు గుర్తే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మంచమెక్కి, అందరూ ఎగదోస్తే, సిగ్గుపడుతూ ఒక జత కిర్రుచెప్పులు అడిగాను. నడిస్తే కిర్రుకిర్రుమని వీధంతా వినిపించే తోలుచెప్పులు. అందరూ నవ్వారు. మా మామ నా భుజం తట్టి, "ఆ చప్పుడు బయటినుంచి వచ్చే అల్లుళ్ళకు గదరా. ఇంట్లో మనిషికి నీకెందుకు? చూద్దాంలే" అని చెయ్యి పట్టుకుని మంచం దించాడు. దశరథరామిరెడ్డి అలిగినప్పుడు మాత్రం వాచీ పెట్టారు. నేను మళ్ళీ అడగలేదు. ఇంట్లో మనిషి అడుగుతాడా?

"మీ మావ చూద్దామని చెప్పి చూడకుండానే పోయినాడు" అంది అత్త. "నేను పొయ్యేలోపల అది తీరిపోవాల."

దశరథరామిరెడ్డి కారులోంచి ఒక పొట్లం తెచ్చాడు. "మూడూళ్ళు తిరిగినానన్నా. కుట్టేవాళ్ళు లేరు. చివరికి ఒక పెద్దాయన దొరికితే, ఇది కిర్రుమనకపోతే తీసుకోనని చెప్పి కూచోని కుట్టించినా. అందాజుకు నా కాలి కొలతే ఇచ్చినా."

ఎర్రటి తోలు, చుట్టూ తెల్లదారం కుట్టు. వేసుకుని లేచాను. అరుగు దిగి గేటు దాకా పోయి వచ్చాను. కిర్రు, కిర్రు. కోళ్ళు చెదిరి పరుగెత్తాయి. కామాక్షి గడపలో నిలబడి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురింటివాళ్ళు ఎవరొచ్చారోనని తలుపు తీసి చూశారు.

అత్త కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటోంది.

"ఎట్టుండాయిరా?"

"బ్రహ్మాండంగా ఉండాయి అత్తా" అన్నాను.

కొంచెం బిగుతు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.